ఐదో ముంత

సరస్సు నడుమ ఉన్న మా తెనోచ్తిత్లాన్ నగరంలో సూర్యుడు రోజూ లేస్తున్నది పూజారులు మనుషుల గుండెలు కోసి నైవేద్యం పెడుతున్నందుకు కాదు. లేవకపోతే మా సెంతేవా అవ్వ ఏం తిడుతుందోనన్న భయానికి. ఆమె నాచు ఎండాలి కదా మరి!

సరస్సు మీద తేలే నాచును వలతో తోడి, ఇసుకలో ఆరబోసి, బిళ్లలు కోసి సంతలో అమ్ముతుంది అవ్వ. కొనేవాళ్లన్నా చులకనే. "రుచి తెలిసే నాలుకేనా నీది? ఆ అంచు ముక్క తీస్కపో, నీకది సాలు" అంటుంది. ఆమె లెక్కలో పూజారులు నెత్తురు కంపు కొడతారు, సైనికులకు ఈకలు ఎక్కువ, బుద్ధి తక్కువ. అల్లుడు మత్లాల్‌కు రెండూ తక్కువే. చాపలల్లడం తప్ప వాడికేమీ రాదని, ఆ చాపలకూ మూలలు కుదరవని తీర్పు.

అన్నిటికంటే ఆమెకు అసహ్యం కిత్తనార కల్లు. తల నెరిసి మనవలున్నవాళ్లు తాగితే అడిగేవాడు లేడు. పడుచువాడు తాగి దొరికితే సంత నడుమ తల పగలగొడతారు. మా వీధి ముసలాళ్లు ఆ హక్కును ఒక్కపూటా వృథా కానివ్వరు. కల్లు దేవుడికి నానూరు కుందేళ్లట, తాగినవాడిలో ఒకటి దూరుతుందట. ఒకాయన కుందేలు పాడుతుంది, ఇంకొకాయనది ఏడుస్తుంది. "నానూరిట్లో ఒక్కదానికీ సిగ్గు ల్యా" అని వాళ్లను తిట్టిపోసే అవ్వ, మనవరాలు ఎదిగినా చుక్క ముట్టలేదు.

అలాంటి అవ్వ ఇంటి వెనక, మత్లాల్ కోసి పెట్టిన తుంగ మోపుల కింద, సగం ఖాళీ అయిన కల్లు కుండ దొరికింది. పట్టినవాడు పేట కావలి విత్సిల్. అటూ ఇటూ చూడకుండా నేరుగా ఆ మోపు దగ్గరికే నడిచి తీశాడు. సాక్ష్యానికి ఇద్దరు ముసలాళ్లను వెంటేసుకునే వచ్చాడు. కుండను చూసి వాళ్ల కళ్లు మెరిశాయి.

"ఈ ఇంట్లో పడుచు మగోడు వీడొక్కడే" అంటూ విత్సిల్ మత్లాల్ జుట్టు పట్టుకున్నాడు. "పద రా సంతకి."

 మత్లాల్ పెళ్లాం, అవ్వ కూతురు, గుమ్మంలోనే కూలబడింది. అవ్వ చేతుల నాచు దులుపుకుంటూ వచ్చింది.

"జుట్టు వదులు రా. అసలే పల్చగుండాది. కుండ నాది."

"నీదా? కల్లు పేరెత్తితేనే ఉమ్ముతావు కదవ్వా!"

"పగలు ఉమ్ముతా, రేత్రి తాగుతా. నా నోరు నా ఇష్టం. అడిగేదానికి నువ్వెవడివి?"

విత్సిల్ నవ్వాడు. "సరే, మా ముందర తాగు. అలవాటైన నోరో కాదో తెలిసిపోతాది. కక్కినావా, అల్లునికి పొద్దు గుంకే లోపల తల ఉండదు."

మొదటి ముంత కుళ్లిన గుడ్డులా దిగింది. ఈ పాడు నీళ్ల కోసమా మనుషులు తలలు పగలగొట్టుకునేది అనుకుంది అవ్వ. రెండోది దిగింది. మూడోదానికి చెవులు జుమ్మన్నాయి. అల్లుడి వంక చూసింది. వాడు ఏడుస్తున్నాడు. ఏడవడం కూడా సరిగా రాదు వీడికి అనుకుని నాలుగోది ఎత్తేసింది. మూతి తుడుచుకుని నిటారుగా నిలబడింది.

నాలుగుతో ఆపడం మా ఆచారం. ఐదో ముంతకి గోచి నిలవదంటారు. విత్సిల్ మాత్రం ఐదోది నింపాడు.

"నాలుగు ఎవురన్నా తాగుతారు. ఇది మామూలు కల్లు కాదవ్వా. నాలిక మీద తియ్యగుండి, గొంతు దిగినాక మంట పెడ్తాది. ఐదోదానికి మోకాళ్లు జారిపోతాయి, సూడు!"

అవ్వలో దూరిన కుందేలుకు కూడా తిట్టడమే వచ్చినట్టుంది.

"ఒరే విత్సిలూ, నీకింకా పెండ్లే కాలేదు. మనవలు యాడ పుట్టినారు రా?"

"ఏందవ్వా?"

"గొంతు దిగినాక మంటని ఎవురు చెప్పినారు? నీ గొంతేనా?"

"ఎవరో... అనంగా విన్న్యా."

"మోకాళ్ల సంగతి కూడా చెవుల్తోనే విన్న్యావా?"

ముసలాళ్లలో ఒకాయన లేచి, విత్సిల్ దుప్పటి అంచు పట్టుకుని వాసన చూశాడు. కల్లు విషయంలో ఆ ముక్కు అబద్ధమాడదు. "ఈ కుండదే రా!" అన్నాడు గర్వంగా.

"న్యాయాధికారి వస్తాండాడని చేతికందిన చోట దాచినా... నా మీదికి రాకుండా నేనే పట్టిచ్చినా..." అని గొణిగాడు విత్సిల్.

"తాగేది రాదు, దాచేది రాదు. వీడు మనకు కావలంట!" అంది అవ్వ.

వాడిని తీసుకుపోయారు. సంతకు అవ్వ వెళ్లలేదు. "వాని తలలో పగిలేదానికి ఏముండాది?" అంది. కాళ్ల మీద పడ్డ మత్లాల్‌ను కాలితోనే తోసి, "పో, ఆ చాప మూల సరిగ్గా అల్లు" అంది. మిగిలిపోయిన ఐదో ముంతను మాత్రం ఆచారం తప్పకుండా పొయ్యి దేవుడికి పోసేసింది.

చదువుల ఇంటి నుంచి సగంలోనే వచ్చేసిన మనవరాలు ఇదంతా చెట్టుపట్ట కాగితం మీద బొమ్మలు గీసి వినిపిస్తే, అవ్వ చివరిదాకా వింది.

"నా ముక్కు అంత పెద్దది కాదు. పొయ్యికి పోసింది నీళ్లు. ఐదోది నేనే తాగినా. బాగుండె. లేసి నాచు తిరగెయ్ పో."