దుర్సున్ కొలిమిలో వేసినవి

దుర్సున్‌ది నల్లసముద్రపు ఒడ్డున రిజే. ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే, ‘వీడైనా నిలవనీ’ అని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టుకుంది. ఇస్తాంబుల్ వచ్చి, జలసంధి వెంట జనాన్ని తిప్పే స్టీమరులో బొగ్గువేసే పనికి కుదిరాడు. పైన టీ తాగుతూ కూర్చునేవాళ్ళ మొహాలు అతనెరగడు. వాళ్ళ అడుగుల చప్పుడే తెలుసు.

యుద్ధం రాగానే నౌకాదళం స్టీమరును లాక్కుని బూడిదరంగు పూసింది. యుద్ధం జరిగే గల్లిపోలికి సైనికులను తీసుకెళ్ళడం, గాయపడ్డవాళ్ళను వెనక్కి తేవడం దాని పని. మంచి బొగ్గు ఆగిపోయింది. ఇచ్చే మట్టిబొగ్గుకు వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ చూసే శత్రు జలాంతర్గాములు వెంటపడేవి.

ఒకనాడు గాయపడ్డవాళ్ళతో తిరిగొస్తుండగా మర్మరా సముద్రం నడిమధ్యన ఆ మట్టిబొగ్గూ అడుగంటింది. కెప్టెన్ రాసిమ్ తానే కిందికి దిగొచ్చాడు.

“వెనకాల నీళ్ళల్లో జలాంతర్గామి గొట్టం కనబడింది దుర్సున్. ఎంత దూరం లాగగలవు?”

“ఏం పెట్టి లాగను కెప్టెన్ గారూ? పారకి ఇనుమే తగుల్తోంది.”

“ఏది మండితే అది వెయ్యి.”

బల్లలు, తలుపులు, ఆడవాళ్ళ గది కర్రజాలీ, అన్నీ కొలిమిలోకి పోయాయి. ఆవిరి కాస్త లేచి మళ్ళీ పడిపోయేది. చనిపోయినవాళ్ళ స్ట్రెచర్లు కూడా అయిపోయాక, దుర్సున్ గొడ్డలితో పైకెక్కాడు.

“ఏం తమ్ముడూ, నా కాలు కోసమా?” అన్నాడు మొదట కనబడ్డ సార్జెంటు. “ఆలస్యంగా వచ్చావు. డాక్టరు ముందే పట్టుకుపోయాడు.”

“నీ కింద స్ట్రెచరు కర్రలు కావాలి, అన్నా.”

“తీసుకో. మెల్లిగా దించు.”

దించుతుంటే చొక్కా చెయ్యి కొరికిపట్టాడు గానీ కేకవెయ్యలేదు. అది చూసి ఒక్కొక్కరూ నాది కూడా తీసుకోమన్నారు. మూలనున్న కుర్రసిపాయి మాత్రం కర్రలు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

“నన్ను కదపొద్దు బాబాయ్. నీకు దండం పెడతాను.”

కింద ఆవిరి పడిపోతోంది. దుర్సున్ ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు.

పొద్దుగూకేసరికి స్టీమరు ఇస్తాంబుల్ రేవు చేరింది. సార్జెంటు బతికాడు. ఆ కుర్రవాడు దించిన చోటే, ఇనపరేకు నేల మీదే ప్రాణం విడిచాడు. దుర్సున్ అతన్ని వీపున మోసుకుని ఒడ్డుకు చేర్చి, ఏ ఊరివాడో, పేరేమిటో అందరినీ అడిగాడు. చెప్పగలిగినవాడు దొరకలేదు.

వెనక్కి వచ్చేసరికి మళ్ళీ మట్టిబొగ్గే ఎక్కిస్తున్నారు. తెల్లారి ప్రయాణమని చెప్పారు. దుర్సున్ కిందికి దిగి బూడిద తోడడం మొదలుపెట్టాడు.