మా బాపు విస్కీ తాగే తీరు

మనిషి పోయిన మూడో రోజున అతనికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరాకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూడటం మా వైపు ఆచారం. పిట్టకు పెట్టడం అంటాం. పిట్ట ముట్టిందంటే పోయినవాడు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఆ నింద ఇంటి ఆడదాని నెత్తిన పడుతుంది.

మా బాపుకు పెద్దవంగరలో మా పొలం గట్టున పెట్టాం. బగారన్నం, మటన్, బీడీ కట్ట, గిలాసలో విస్కీ. ఆయన కాలేయాన్ని తినేసింది ఆ విస్కీయే. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండింది. గంట గడిచినా వేపచెట్టు మీది కాకుల్లో ఒక్కటీ దిగలేదు.

పెదనాయన అమ్మ మీదికి లేచాడు. "ఏం తక్కువ జేసినవే వానికి? నోరిప్పు!"

ఆయన నిలబడింది అమ్మ ఎడమ వైపు. బాపు కొట్టిన దెబ్బకు ఆ చెవి ఎప్పుడో పోయింది. ఆమె కాకుల వైపే చూస్తోంది. పెదనాయన చూపు గిలాస మీద పడింది.

"గిండ్ల సోడా పోసిందెవడు? మా తమ్ముడు నీళ్లు పోసుకోనిదే తాగకపోయేది!"

"నేనే పోసిన బావా," అన్నాడు గూడూరు నుంచి వచ్చిన మా మేనమామ. "మా ఇంటికొస్తే సోడా లేకుంటే గిలాస ముట్టకపోయేటోడు. నీకేం ఎరుక?"

భూపాలపల్లి బొగ్గుబాయిలో బాపుతో కలిసి పనిచేసిన దోస్తు ఊరుకోలేదు. "ఇద్దరికీ ఎరుకలేదు. నీళ్లూ సోడా ఏదీ లేకుంట రా కొట్టేటోడు. నాలుక మీద ఇంత ఉప్పేసుకొని ఒక్క గుటుకల మింగేటోడు. ఇరవై ఏండ్లు చూసిన నేను!"

ముగ్గురూ అబద్ధమాడలేదు. అన్న ముందు భయంగా నీళ్లు, అత్తగారింట్లో అల్లుడి దర్జాగా సోడా, దోస్తుల ముందు మొగోడిననిపించుకోవడానికి రా. ఇంట్లో ఎట్లా తాగేవాడో మాత్రం వాళ్లలో ఒక్కరూ చూడలేదు. సగం తాగి, మిగిలిన సగం అమ్మ ముఖాన కొట్టేవాడు. కళ్లు మండి ఆమె చేతులు అడ్డం పెట్టుకునేలోపే బెల్టు తీసేవాడు.

పెదనాయన ఇంకో గిలాసలో నీళ్లు కలపబోయాడు. మామ ఆయన చెయ్యి నెట్టాడు. పెదనాయన మామకు చెంప మీద ఒక్కటిచ్చాడు. మామ పంటి నుంచి రక్తం కారింది. విడిపించబోయిన దోస్తు గల్లా పట్టుకుని పెదనాయన "గీ బొగ్గుబాయోడే తాగుడు నేర్పి నా తమ్ముని సంపిండు!" అని అరిచాడు. అంతే, దోస్తు చేతిలోని విస్కీ సీసా పెదనాయన నెత్తి మీద పగిలింది. చొక్కా ఎర్రబడింది. పెదనాయన రక్తం చూసి మామ గట్టు మీది కట్టె అందుకుని దోస్తు వీపు చిట్లేలా బాదాడు. కూలబడినా పెదనాయన కాళ్లతో తంతూనే ఉన్నాడు.

ఆపాలని నాకు అనిపించలేదు. ఇంకా కొట్టుకోండిరా అనే అనుకున్నాను. ఇన్నేళ్లు మేం తిన్నది వాళ్లూ జర రుచి చూడాలని నా కడుపులో మంట.

చివరికి పెదనాయనను ఆటోలో పడేసి తొర్రూరు దవాఖానకు తీసుకెళ్లారు. అందరూ వెంట పరుగెత్తారు. గట్టు మీద అమ్మా నేనే మిగిలాం. చప్పుడు తగ్గగానే కాకులు దిగాయి. ఒకటి మటన్ ముక్క లాగింది. ఇంకొకటి సోడా కలిపిన ఆ గిలాసలోనే ముక్కు ముంచింది. ఆకు ఖాళీ అయ్యేదాకా అమ్మ రెప్పవేయకుండా చూసింది.

సాయంత్రం పెదనాయన నెత్తికి కట్టుతో ఇంటికి వచ్చి, ఆటో దిగకముందే అడిగాడు.

"పిట్ట ముట్టిందా?"

"ముట్టలే బావా," అంది అమ్మ.

నేను పోయి అమ్మ పక్కన నిలబడ్డాను. పెదనాయన గడపలో కూలబడి భోరుమన్నాడు. "అయ్యో తమ్మీ, ఏం కోరిక మిగిలెనో నీకు!"

అమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంటోంది.

"మిగలనియ్ బావా," అంది.