లకుముకి పిట్టకు రంగు

ఆవిడని అందరూ సీలక్క అంటారు. ఆఫీసుల గుండ్రటి సీళ్లూ, సంతకం కింద వేసే ముద్రలూ చేత్తో చెక్కీ చెక్కీ ఆ పేరే స్థిరపడిపోయింది. అక్షరాలు తిరగేసి చెక్కడం ఎంత అలవాటంటే, బస్సు బోర్డు కూడా వెనకనుంచి చదువుతుందని మొగుడు ఏడిపించేవాడు.

ఆ మొగుడు అద్దకం కార్ఖానాలో రంగులు కలిపేవాడు. ఏ రంగైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చంగా దింపేసేవాడు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట తడబడింది. కాలు మెల్లగా తేరుకుంది గానీ మనిషే తేరుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిన్నారా అంటే ఊ, నిద్రపట్టిందా అంటే ఊ. మాటలపోగులాంటి మనిషి అలా అయిపోతే ఆవిడకి ప్రాణం ఉసూరుమనేది.

అలా ఉండగా పక్కవీధి చిన్నపిల్లల బడి టీచరు వచ్చింది.

"అక్కా, మా పిల్లలకి ఇంకా చదవడం రాదు. ఎవరి అరమీద వాళ్లకో బొమ్మ ఉంటే సంచులు కలిసిపోవు. ముద్రలు చెక్కిపెడతావా? రంగుల్లో కావాలి."

సీలక్క ముందుగా లకుముకి పిట్టని చెక్కింది. రబ్బరు పలక మీద ముక్కూ, ఈకలూ ముచ్చటగా కుదిరాయి. చిక్కల్లా రంగు దగ్గరే వచ్చింది. ఇంకు ప్యాడు మీద అద్దితే పిట్టంతా ఒకటే నీలం. వీపు నీలం, పొట్ట నారింజ కావాలంటే రబ్బరు మీదే ఎక్కడికక్కడ మార్కరుతో పూయాలి. ఇంట్లో ఉన్న చెరగని మార్కరు పూసింది. కాగితం మీద నొక్కేలోపే ఆరిపోయింది. సన్నమొన స్కెచ్ పెన్నులు తెచ్చింది. పిట్ట చారల చొక్కా తొడుక్కున్నట్టు వచ్చింది. కుంచెలాంటి మెత్తటి మొన ఉన్న నీళ్లరంగు మార్కర్లు కాస్త నయమనిపించాయి. కానీ నీలం పూశాక పక్కనే నారింజ పూసేసరికి, ఆ మొనకి నీలం అంటుకుని పొట్ట కాస్తా బురదరంగులోకి దిగింది.

"నీ మొహంలా ఉంది," అని పిట్టనే తిట్టింది.

"లేతది... ముందు."

వెనక్కి తిరిగి చూసింది. ఆయన మోచేతి మీద లేచి బల్లవైపే చూస్తున్నాడు.

"ఏమన్నారు?"

"లేతరంగు ముందు. ముదురు తర్వాత." ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. "ఇన్నేళ్లు కాపురం చేశావు నాతో. ఈమాత్రం తెలీదా?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. బల్లని మంచం పక్కకి లాగింది. నారింజ ముందు పూసి, ఆ తర్వాత నీలం పూసింది. రంగు ఆరినట్టు కనిపిస్తే, దానిమీద నోటితో ఆవిరి వదలమన్నాడాయన. ఆ తడికి రంగు మళ్లీ మేలుకుంది. నొక్కి తీస్తే పిట్ట నిగనిగలాడుతూ కాగితం మీద వాలింది.

ఆయన చాలాసేపు చూసి పెదవి విరిచాడు. "పిట్ట నీలం కాదిది. కొట్టుకి పద."

మర్నాడు పొద్దున్నే చేతికర్ర పట్టుకుని, ఆగుతూ ఆగుతూ స్టేషనరీ కొట్టు దాకా నడిచాడు. జేబులోంచి రబ్బరు ముక్క తీసి, ఎడమచేత్తో ఒక్కో మార్కరూ దానిమీద గీసి చూడసాగాడు.

"కాగితం మీద చూడండి బాబాయ్," అన్నాడు కొట్టతను.

"మేం పూసేది రబ్బరు మీద కదా నాయనా."

ఒక రంగు రబ్బరు మీద చుక్కలుగా విడిపోయింది. అది పక్కన పెట్టాడు. ఇంకోటి మరీ పలచన. ఒంటిచేత్తో తియ్యబోతే మూత కిందపడింది. సీలక్క వంగి మూత తీసిచ్చింది గానీ మార్కరు మాత్రం అందుకోలేదు. చివరికి నెమలికంఠంలాంటి నీలం ఒకటి దొరికింది. "ఇదే," అన్నాడాయన, మొహం వెలిగిపోతూ.

బళ్లో అరలమీద ముద్రలు పడ్డాయి. లకుముకి పిట్ట నాకంటే నాకని పిల్లలు కొట్టుకున్నారట. ఇంకా బొమ్మలు కావాలని టీచరు కబురు పెట్టింది. ఇప్పుడు చెక్కడం ఆవిడ వంతు, పూయడం ఆయన వంతు. ఎడమచేతివాటం ఇంకా పూర్తిగా కుదరలేదు, ఒక్కోసారి అంచు దాటి పూస్తాడు. ఆవిడ తడిగుడ్డతో తుడిచిస్తుంది, ఆయన మళ్లీ మొదలుపెడతాడు. ఇవాళ తాబేలు డిప్ప దగ్గర తగవు పడ్డారు. ఆవిడ ఆకుపచ్చంటుంది, ఆయన ఆకుపచ్చలో ఏ ఆకు అంటాడు.