ఆమెకు అర్థమైన వాక్యం

కల్వకుర్తి దగ్గర ఆంగ్లికన్ సంఘంలో పాదిరిగా ఉన్న రోజుల్లో నేను త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కడే దేవుడన్న దాని మీద, ఒక పుస్తకం రాస్తుండేవాణ్ణి. మా పల్లెల వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో అటువంటిది నిజాం రాజ్యంలోనే లేదని నా గొప్ప. రాసిన ప్రతి పేజీ ముందుగా మా ఇంటావిడకు చదివి వినిపించేవాణ్ణి. ఆమె చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతూ వినేది. "సమజ్ కాలే" అందంటే ఆ వాక్యం కొట్టేయాల్సిందే. అది మా ఇంటి కట్టడి. బిషప్ గారు మెచ్చిన వాక్యాలు కూడా కొన్ని ఆ చాట ముందు నిలవలేదు.

ఆ వానాకాలం ఎడ్లబండి మీద ఊళ్ళు తిరగడానికి బయల్దేరినప్పుడు మా నాలుగేళ్ళ కొడుక్కు ఒళ్ళు వెచ్చగా ఉంది. "ఎల్లుండికల్ల వస్త" అని చెప్పి పోయాను. తిరిగి రావాల్సిన రోజున, ఆఖరి ఊళ్ళో ఆరాధన అయ్యాక ఒక ముసలవ్వ లేచి నిలబడింది.

"ముగ్గురంటిరి, మల్ల ఒక్కడే అంటిరి. గిదెట్ల అయ్యగారూ?"

నాకు పండగే అయింది. అడిగేవాళ్ళు దొరకడమే గగనం! బండి విప్పించి ఇంకో రోజు ఉండిపోయాను. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. "ఇంటుంటే మంచిగనే ఉన్నది" అంది అవ్వ. అర్థమైందని మాత్రం అనలేదు.

ఇంటికి చేరేసరికి, ఆ పొద్దున్నే పిల్లవాణ్ణి మట్టి చేశారు. నేను లేనప్పుడు సంఘాన్ని చూసుకునే ఉపదేశి నా ప్రార్థన పుస్తకంలోంచే సమాధి క్రమం చదివాడట. చెప్పిన రోజుకు వచ్చి ఉంటే వాడు నా చేతుల్లో పోయేవాడు. నాకు ఏడుపు రాలేదు. ఎడ్లకు నీళ్ళు పెట్టాను, కాళ్ళు కడుక్కున్నాను. ఆదివారం ప్రసంగం చేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు. మా ఆవిడ అన్నం పెట్టేది, తినేవాణ్ణి.

చలికాలంలో బిషప్ గారి ఉత్తరం వచ్చింది, పుస్తకం ఏమైందని. సరేనని తండ్రిని గురించిన అధ్యాయం మొదలుపెట్టాను. నాతో పని లేనట్టు చెయ్యి దాని మానాన అది రాసుకుపోయింది. అలవాటు ప్రకారం ఆమెకు చదివాను: "కుమారుడు ప్రాణం విడిచే వేళ తండ్రి ఆయనను విడిచి ఎక్కడికీ పోలేదు."

జొన్నల్లో ఆమె చెయ్యి ఆగింది.

"సమజైంది" అంది. "మన పిల్లగాడు బాపు ఎప్పుడొస్తడని అడుగుకుంటనే పాయె" అంది. మళ్ళీ రాళ్ళు ఏరసాగింది.

ఆమెకు అర్థమైన వాక్యాన్ని కొట్టేసే హక్కు నాకు లేదు. అది పుస్తకంలో అలాగే ఉంది.