రెండో చెంచా మందు

ఈ రోజు నా చెయ్యి తప్పింది. హన్మకొండలోని ఒక తుపాకుల దుకాణంలో, రైఫిల్ క్లబ్బు వాళ్లు కాల్చిన తూటాల గొట్టాల్లో మళ్లీ మందు నింపడం నా పని. వాళ్లవి మూడు రకాల పిస్తోళ్లు. మూడింటికీ ఒకటే మందు వాడదామనుకున్నప్పుడు, కొంచెంతోనే సరిపోయే ఘాటు మందు తెప్పిద్దామన్నాను. మా ఉస్తాద్ యాకూబ్ చిచ్చా వినలేదు. గొట్టం నిండుగా పట్టే, మెల్లగా కాలే మందే తెప్పించాడు. చాదస్తం అనుకున్నాను.

పొద్దున క్లబ్బు సారు లాంబ్రెట్టా స్కూటర్ దిగి పలకరించారు. ఆయనకు జవాబు చెప్తూ, అప్పుడే నింపిన గొట్టంలో ఇంకో చెంచా పోశాను. మందు పొర్లి బల్ల మీద పడింది.

చిచ్చా తిట్టలేదు. "ఘాటు మందైతే రెండో చెంచా గూడ లోపల్నే పడుతుండె బిడ్డా. మనకు ఎర్కనే కాకపోతుండె. పేల్చంగనే పిస్తోలు పగిలి మా తమ్ముని చెయ్యి గట్లనే పోయింది," అన్నాడు.

నేను నింపినవన్నీ ఒంపి మళ్లీ మొదలుపెట్టాను.

మూడు పిస్తోళ్లను చూసి మందు ఎంచాడనుకున్నాను. నా చేతిని కూడా చూశాడన్నమాట. మీరు తప్పు చేస్తారని ముందే తెలిసి, ఆ మాట మీతో అనకుండానే మిమ్మల్ని కాచిన మనిషి మీకెవరైనా ఉన్నారా?