ఇరవై దగ్గర రాని బొమ్మ

ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ ల్యాబులో అటెండరు ఆయన. పిల్లలంతా బాబాయ్ అంటారు. ఎవరెలా చదువుతారో స్టాండు పట్టుకునే తీరు చూసి చెప్పేస్తాడు. అనుమానం పుట్టినవాడు స్క్రూలన్నీ తిప్పి చూస్తాడు. మార్కుల మీదే ధ్యాసున్నవాడు పక్కవాడి కాగితం చూస్తాడు. భయస్తులు బట్టీ పడతారు. ఆయన మేనకోడలు ఈ మూడో రకం, మహా పిరికిది. ప్రాక్టికల్స్ ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోయినట్టే.

అందుకే మేనమామ ప్రేమ పొంగుకొచ్చి, పాత రికార్డుల్లోని అంకెలన్నీ ముందే ఆమెచేత అప్పజెప్పించుకున్నాడు. లెన్సు ప్రయోగమైతే నాభ్యంతరం ఇరవై సెంటీమీటర్లు. ఏటా అంతే. ఆ రికార్డులు హాస్టల్లోనూ చేతులు మారుతూనే ఉంటాయి.

పాత లెన్సులకు గీతలు పడ్డాయని పరీక్షరోజు పొద్దున ఆయనే కొత్తవి పంచాడు. పరీక్ష మొదలయ్యాక ఖాళీ పెట్టె సర్దుతుంటే మూత మీద అంకె కనిపించింది. పదిహేను. నా తెలివి తెల్లారినట్టే ఉంది అని తనను తానే తిట్టుకున్నాడు.

ఎవరైనా సైగ చేసినా కాగితం లాక్కుంటానని, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ముందే హెచ్చరించాడు. మేనకోడలు తెరను ఇరవై దగ్గర పెట్టింది. బొమ్మ అలుక్కుపోయింది. తలెత్తి మావయ్య వంక చూసింది. చిన్నప్పటినుంచీ అంతే, లెక్క తప్పినా చెప్పు తెగినా ఆయన వంకే చూస్తుంది. ఆయన గోడవైపు తిరిగి, తుడిచిన గాజు దిమ్మెలనే మళ్లీ తుడవసాగాడు. ఈ పిరికితనం దానికి పుట్టుకతో రాలేదు, తనే ఉగ్గుపాలతో నేర్పాడు. అది అప్పుడు తెలిసొచ్చి సిగ్గుపడ్డాడు.

వెనక తెర జరిపిన చప్పుడైంది. ఆగింది. మళ్లీ జరిగింది.

ఎగ్జామినరు ఒక్కొక్కరి కాగితమే చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాడు.

"అందరికీ ఇరవై వచ్చింది. నీకు పదిహేనేంటమ్మా?"

"ఏమో సార్. ఇరవై దగ్గర బొమ్మ రాలేదు. ఇక్కడ వచ్చింది."

ఎగ్జామినరు వంగి చూశాడు. తెర మీద కిటికీ ఊచలతో సహా తలకిందులుగా, స్పష్టంగా ఉంది. ఇది ఎవరు చెప్పారని అడిగాడు.

మావయ్య ఇటు తిరిగేసరికి ఆమె ఆయన్నే చూస్తోంది, కళ్లనిండా కోపం, నీళ్లు.

"ఎవరూ చెప్పలేదు సార్."

ఆ నిష్ఠూరం ఆయనకు సూటిగానే తగిలింది. తగిలినా, ఇన్నేళ్లలో మేనకోడలి నోట అంత తియ్యని మాట ఆయన వినలేదు.