వెనక్కి పారిన నీళ్ళు

మొన్న కళ్ళద్దాలు మార్పించుకుందామని తొర్రూరు పోయి, దుకాణం ముందు బల్ల మీద నా వంతు కోసం కూర్చుంటే, ఎవరో చదివి వదిలేసిన ఆదివారం పేపరు చేతికి దొరికింది. ఒక పేజీ నిండా రంగుల బొమ్మ. మడచెట్లు, వాటి మధ్య కదలని నీళ్ళు, నీళ్ళ మీద ఒక చిన్న పడవ, పడవలో గొడుగు పట్టుకుని నవ్వుతున్న ఒక జంట. కింద ఊరి పేరు చదివేసరికి, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూర్చున్న నాకు మోకాళ్ళ దాకా చల్లబడిపోయింది. అదంతా ఎంతో ప్రశాంతమైన చోటని, అక్కడి నీళ్ళను చూస్తే మనసులోని భయాలన్నీ పోతాయని రాశారు. బడి ముఖం చూడకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి కనుక, అచ్చులో ఉన్న ప్రతి మాటా నిజమేనని నమ్మే అలవాటు నాకు చాలాకాలం ఉండేది. ఆ అలవాటు పోయి మంచిదే అయింది. ఆ నీళ్ళలో ఒకసారి నిలబడినవాడు ఆ మాట రాయడు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్ళలో గొర్రెలున్న ఇళ్ళలోని మగవాళ్ళంతా ఎండాకాలం ముదరకముందే మందలు తోలుకుని కోస్తా వైపు నడిచేవాళ్ళు. ఇక్కడ గడ్డి మాడిపోయేనాటికి అక్కడ వరికోతలైపోయి పొలాలు ఖాళీగా ఉండేవి. పగలు మేపి, రాత్రికి ఏదో ఒక రైతు పొలంలో మందను పడుకోబెడితే, గొర్రెల ఎరువు అతనికి, తిండిగింజలు మాకు. ఖమ్మం దాటాక ఇంకా దిగువకు, రోజులకు రోజులు, గొంగడి భుజాన వేసుకుని నడక. ఆ సంవత్సరం ముగ్గురం పోయాం: మా నాయిన, మా అక్కను చేసుకున్న బావ, నేను. నాకప్పటికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఆరు నెలలు. వానలు సరిగా లేక ఎక్కడా మేత దొరకలేదు. ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం ముందుకు అనుకుంటూ ఏకంగా దారి అయిపోయిన చోటికే చేరాం. నది అక్కడ పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును వాళ్ళు ఏటిమొగ అంటారు.

ముప్పై తాటాకు ఇళ్ళ ఊరు. కంచెల మీద వలలు, ఎండుచేపల వాసన, బావి తవ్వితే ఉప్పునీళ్ళు. మాది రాళ్ళదేశం, అడుగు వేస్తే నేల గట్టిగా ఎదురు చెప్పేది. అక్కడి నేల మాట్లాడేది కాదు, మెల్లగా కాలిని లోపలికి తీసుకునేది. వచ్చిన మొదటి రోజే మా బావ ఒక కాలు పీక్కుంటూ, "ఏంది మామా గీ భూమి, చెప్పులడుగుతాంది" అన్నాడు. నాయిన నవ్వాడు. నాకు మాత్రం ఎందుకో దిగులనిపించింది.

ఆ సాయంత్రం టీ బడ్డీ దగ్గర తాగేనీళ్ళు అడిగాను. అక్కడ కూర్చున్న నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పడవాయన నా గొంతునే ఎత్తుకుని, "జర నీల్లు గావాల్నా, ఎన్ని గావాలె, గిన్ని గావాల్నా?" అని చేతులు తిప్పుతూ అభినయించాడు. అందరూ పగలబడి నవ్వారు. నీళ్ళు ఇచ్చారు, ఇవ్వకపోలేదు. కానీ ఆ నవ్వు నాకు తెలుసు. సినిమాహాల్లో మా యాస తెర మీద వినపడగానే లేచే నవ్వు అది. ఎన్నేళ్ళు భరించామో ఆ నవ్వును! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ నీళ్ళు తాగకుండా నేల మీద పోసి వచ్చేశాను.

మరునాడు పొద్దున మందను మేపుతూ పాయ ఒడ్డుకు వచ్చాం. అవతల ఒక దిబ్బ, దాని మీద మోకాలెత్తు పచ్చగడ్డి. నెల రోజులుగా ఎండుదుబ్బులు కొరుకుతూ వచ్చిన గొర్రెలు ఆ గడ్డి వాసనకు తలలెత్తి నిలబడిపోయాయి. మధ్యలో పాయ, పిక్కల లోతు నీళ్ళు, అంతే. కొంచెం దూరంలో ఆ తువ్వాలు పడవాయన వల బాగుచేసుకుంటున్నాడు. నాయిన అటు రెండడుగులు వేశాడు.

"ఒక్క మాట అడిగొస్త బిడ్డా. కొత్త నీళ్ళు."

"గా ఎక్కిరించెటోణ్ణా అడిగేది? మనం వాగులు దాటలేదా నాయినా? మల్ల నవ్వుతరు, నీకు సిగ్గనిపియ్యదా?" అన్నాను.

నాయిన ఆగిపోయాడు. నా ముఖం కేసి చూసి, సరే అన్నట్టు తలూపి, మా పద్ధతి ప్రకారం చేశాడు. వానాకాలం వాగు దాటేముందు మా పెద్దలు నీటి అంచున ఒక కట్టె పాతి, ఒక చుట్ట కాల్చేదాకా కూర్చునేవాళ్ళు. ఆలోపు నీళ్ళు కట్టె మీదికి ఎక్కితే పైన ఎక్కడో వాన పడిందని అర్థం, దాటరాదు. నీళ్ళు కట్టెను వదిలి వెనక్కి పోతే వాగు తీస్తున్నదని అర్థం, భయం లేదు. తాతల నాటి నుంచి ఒక్కసారి తప్పని లెక్క అది. నాయిన చుట్ట ముట్టించాడు. చుట్ట సగం కాలకముందే నీళ్ళు కట్టెకు బెత్తెడు దూరం జరిగాయి. పైన ఆకాశంలో మబ్బు తునక లేదు. "తీస్తాంది. ఇగ పెరగది" అన్నాడు నాయిన. రెండు వందల గొర్రెలను దాటించాం. పడవాయన వల మీది నుంచి తలెత్తి మమ్మల్ని చూడడం నేను చూశాను. చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

గొర్రెలు కడుపునిండా మేశాయి. మేము తుమ్మపొద నీడన ఒక కునుకు తీశాం. పొద్దు పడమటికి వాలుతుండగా మెలకువ వచ్చి నేను పాయ దగ్గరికి పోయాను. అక్కడ పాయ లేదు. పొద్దున పిక్కల లోతున్న చోట మనిషి మునిగే నీళ్ళు, చప్పుడు లేకుండా. అంతకన్నా నన్ను నిలువునా వణికించింది మరొకటి ఉంది. నీళ్ళ మీద ఒక ఎండు తాటిమట్ట పోతున్నది. సముద్రం వైపు కాదు, ఊరి వైపు, పైకి. చుక్క వాన లేదు, మబ్బు లేదు, ఉరుము లేదు, ఏరు వెనక్కి పారుతున్నది. పుట్టినప్పటి నుంచి నీళ్ళు పల్లానికి పోవడమే చూసిన నాకు, చచ్చిన మనిషి లేచి నడిచొస్తుంటే చూసినట్టయింది. వెనక్కి పరుగెత్తి నాయినను, బావను లేపాను.

తర్వాత ఎంత సేపో గుర్తు లేదు. దిబ్బ చుట్టూ నీళ్ళు నాలుగు వైపుల నుంచీ గడ్డిలోకి పాకుతూ వచ్చాయి. మొదట గడ్డి మొదళ్ళు తడిశాయి, తర్వాత నురగ, తర్వాత ఎండ్రకాయలు బొక్కల్లోంచి లేచి మా పాదాల మీదుగా ఎత్తుకు పరుగెత్తాయి. గొర్రెలు మొదట ఒర్లాయి. కాసేపటికి ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. రెండు వందల గొర్రెలు అరవకుండా నిలబడితే ఎట్లా ఉంటుందో మందలు కాసినవాళ్ళకు తెలుస్తుంది. అరిచే గొర్రెకు ఇంకా ఆశ ఉన్నట్టు. మా ముగ్గురిలో ఈత వచ్చినవాడు బావ ఒక్కడే. అతను నీళ్ళకేసి చూసి, నాకేసి చూసి, "బామ్మర్దీ, మీ అక్కకేం జెప్పాలె?" అన్నాడు. అంతకుముందు గంటకో జోకు వేసే మనిషి.

ఊరి వైపు నుంచి ఒక పడవ వచ్చింది. గెడ వేస్తున్నది ఆ తువ్వాలాయనే. వస్తూనే తిట్లు: "ఏవయ్యా, అడగొచ్చు గదా ఒక్క మాట! నోళ్ళున్నాయి గదా! పొద్దున దాటుతుంటే తెలిసే దాటుతున్నారనుకున్నాను. ఇది సముద్రం పోటయ్యా, వాన నీళ్ళు కావు. రోజూ వస్తది, రోజూ పోద్ది. ఎక్కండి, మనుషులెక్కండి ముందు!"

నాయిన నా వైపు చూడలేదు. "నాదే తప్పు అయ్యా. అడగాల్నని తోచలే. మందనిడిసిపెట్టి ఎట్ల వస్త?" అన్నాడు.

పడవాయన తిట్టడం ఆపి, దిబ్బ కేసి ఒకసారి చూసి, పడవను తుమ్మపొద మొదలుకు కట్టేశాడు. పొద దగ్గరి మెరక మీదికి అన్నిటినీ అదమమని, మోకాలి దాకా వచ్చి నీళ్ళు ఆగుతాయని, ఆ కాసేపు ఒక్కటి కూడా బెదరకుండా పట్టుకుంటే బతుకుతాయని చెప్పాడు. గొర్రెపిల్లలను పడవలో వేసుకున్నాడు. మేము ముగ్గురం మంద చుట్టూ చేతులు చాపి కంచెలా నిలబడ్డాం. నీళ్ళు మడమలకు, పిక్కలకు, పిక్కల పైకి. ఒక్కొక్క వేలు ఎక్కుతుంటే లోపల ప్రాణం ఒక్కొక్క వేలు దిగేది. మోకాలి దాకా వచ్చి ఆగుతాయన్న మాట నిజమో, మమ్మల్ని ఊరుకోబెట్టడానికి అన్నాడో తెలియకుండానే, ఆ నవ్విన మనిషి మాట మీద మా నాయిన ప్రాణం పెట్టి నేను నిలబడి ఉన్నాను.

అప్పుడు మా పక్కన ఒక గొర్రె కాలు జారింది. అది లేవబోయి దూకింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక పది పన్నెండు, బిలబిలమంటూ నీళ్ళలోకి. నాయిన వాటిని పేరుపెట్టి పిలుస్తూ వెనకే అడుగు వేశాడు. రెండో అడుగుకు నడుము లోతు, మూడో అడుగుకు మనిషి లేడు. నీళ్ళ మీద ఆయన గొంగడి ఒక్కటి పరుచుకుని, మెల్లగా ఊరి వైపు, పైకి, ఆ తాటిమట్ట పోయిన దారిలోనే కదిలింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఈ ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను: నేను కదల్లేదు. బావ దూకాడు. పడవాయన గెడను గొంగడి కిందికి పొడిచి, "పట్టుకో పెద్దాయనా, పట్టుకో!" అని అరుస్తూ వంగి, నాయిన జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు. బావ కింది నుంచి ఎత్తాడు. పడవలో గొర్రెపిల్లల మధ్య పడి ఉప్పునీళ్ళు కక్కుతూ నాయిన మొదట అడిగింది, "కొడుకున్నడా?"

నీళ్ళు మోకాలి దగ్గర ఆగాయి. ఆగి, పొద్దు గూకుతుండగా వచ్చిన దారినే వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. పోయిన గొర్రెలు మరునాడు పై వంపులో బురద మీద కనిపించాయి. మేము ఆ ఊళ్ళో ఇంకో మూడు రోజులున్నాం. పడవాయన ఇంట్లోనే తిండి. ఆయన భార్య మా మాటకు అప్పుడూ నవ్వుతూనే ఉండేది, నాకు మాత్రం ఆ నవ్వు గుచ్చుకోలేదు. పొద్దున దాటుతుంటే చూసి కూడా పడవాయన చెప్పలేదని నేను ఎన్నో ఏళ్ళు కోపం పెట్టుకున్నాను. పోట్లు ఎందుకు వస్తాయో, చంద్రుడికీ వాటికీ ఏమి సంబంధమో తర్వాత పుస్తకాలు వెతికి చదువుకున్నాను. ఎంత చదివినా, అడగబోయిన మనిషిని ఆపింది నేనేనన్న సంగతి ఏ పుస్తకమూ మార్చలేకపోయింది.

ఇప్పుడు మా వైపు మందలు నడవడం లేదు. గొర్రెలను వ్యాన్లలో ఎక్కించుకుని పొద్దున బయలుదేరితే సాయంత్రానికి దిగుతున్నారు. ఏ ఊళ్ళో నీళ్ళెట్లా ఉంటాయో, ఏ దారి ఎటు పోతుందో ఫోన్లో చూసుకుంటున్నారు, కొత్త ఊళ్ళో కొత్త మనిషిని పలకరించే పని లేదు. మంచిదే, ఎవరూ నవ్వరు. కానీ ఎవరి జుట్టు పట్టి ఎవరు లాగుతారో నాకు తెలియదు.

నాయిన ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. ఎన్నోసార్లు నా మీద కోపం వచ్చింది, ఎన్నో మాటలన్నాడు, పొలం దగ్గర ఒకసారి చెయ్యి కూడా ఎత్తాడు. అడగనియ్యకుండా ఆపింది నువ్వేనన్న ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. ఇవాళ అంటాడేమో, రేపు అంటాడేమో అని ఎదురు చూసీ చూసీ, చివరికి దవాఖానలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా ఎదురు చూశాను. బావకూ తెలుసు, అతనూ అనలేదు. పోయిన ఏడు బావ కూడా పోయాడు. నన్ను ఆ మాట అనే హక్కున్నవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు.